పైన్ చెట్టు కింద అత్తయ్య

మొక్కల నర్సరీలో అందరూ ఆమెను హెల్మెట్ అత్తయ్య అంటారు. కొండవాలు మీది పైన్‌ల కిందే కాదు, ఇంట్లో అటక మీది డబ్బా దించాలన్నా హెల్మెట్ పెట్టుకునే మనిషి. నవ్వేవాళ్లను నవ్వనిస్తుంది.

ఆ పైన్ ఆకులు జానెడు మించిన సూదులు, మూడేసి ఒక గుత్తిగా ఉంటాయి. గాలి వీస్తే ఎవరో చెవి పక్కన ఊపిరి వదిలినట్టుంటుంది. కాయ మాత్రం పసిబిడ్డంత బరువు. పొలుసు పొలుసుకీ పులిగోరులాంటి కొక్కెం. అది విచ్చుకుని గింజలు రాలకముందే కోయాలి. కోడలు ఎక్కుతుంది, జారితే పడిపోకుండా కొడుకు కింద తాడు పడతాడు. అత్తయ్యది షెడ్డులో గింజలు ఏరే పని.

ఈ రోజు కొడుక్కి జ్వరం. కాయలేమో ఆగేలా లేవు. తాడు ఆమె చేతికొచ్చింది.

"నామీద కోపాలుంటే ఇప్పుడే చెప్పేయండి అత్తయ్యా. నా ప్రాణం మీ చేతిలో పెడుతున్నాను," నడుముకి పట్టీ బిగిస్తూ అంది కోడలు.

"నోర్ముయ్యవే. ఇక్కడ కాళ్లు వణుకుతున్నాయి."

"మీవా, నావా?"

కోడలి పట్టీ నుంచి పై కొమ్మ మీదుగా దిగిన తాడును మాను మొదలుకి ఒక చుట్టు తిప్పి అత్తయ్య కొస పట్టుకుంది. పద్ధతి ఒక్కటే. పైనుంచి "కాయ" అని కేక వినగానే మానుకి అతుక్కుపోవాలి, పైకి చూడకూడదు, తాడు వదలకూడదు. కేక వచ్చింది. ధబ్బుమని నేల అదిరింది. మళ్లీ కేక.

తర్వాత కేక రాలేదు. కోడలు నిలబడ్డ కొమ్మ ఫెళ్లున విరిగింది. తాడు ఒక్కసారిగా బిగుసుకుని ఆమెను మానుకేసి లాగింది. కోడలు గాల్లో వేలాడుతోంది. విరిగిన కొమ్మ మీది కాయలు ఒకదాని వెనక ఒకటి దూసుకొస్తున్నాయి. పారిపొమ్మంటున్నాయి కాళ్లు. కళ్లు మూసుకుంది. భుజం మీద నిప్పు పడ్డట్టయింది. కొక్కేలు చొక్కాను, చర్మాన్ని చీల్చుకుంటూ జారాయి. తాడు మీద వేళ్లు బిగిశాయి.

"దించండి అత్తయ్యా, మెల్లగా," పైనుంచి సన్నని గొంతు.

మూరమూర వదిలింది.

"దిగాను. ఇక వదిలేయండి."

"నిజంగానా?"

"నేల మీదే ఉన్నాను, చూడండి."

ఆమె కళ్లు తెరిచి కోడలి పాదాలను మాత్రం చూసింది. "ముందు ఆ పట్టీ విప్పు. కొమ్మల నీడ దాటి అవతల ఎండలోకి పో. అప్పుడు వదుల్తాను."

కోడలు వెళ్లి ఎండలో నిలబడింది. "వచ్చేయండి" అని పిలుస్తూనే ఉంది. అవతల కొసన ఎవరూ లేని తాడును ఆమె ఇంకా పట్టుకునే ఉంది.