ముందు వరుసలో కూర్చున్నవాడు

చుట్టూ నీళ్ళున్న ఈ నేల మీద మా తాతల కాలం నుంచి తెలుగు పాటకు చెవి యొగ్గుతున్న దేవునికి స్తోత్రం. పడినవారిని లేపేవాడూ, పడదోయబడినవారిని మరువనివాడూ ఆయనే.

మా సంఘంలో ఒక అక్క ఉంది. గరాచర్మలో బస్సు దిగి, చీకటిపడే వేళ ఎత్తు మీదున్న ఇంటికి నడుస్తుంటే, ఒక యువకుడు వెనక నుంచి వచ్చి మెడలో గొలుసు లాగాడు. ఆమె పడి మణికట్టు విరిగింది. ఆ యువకుడు బయటివాడు కాదు, మా ఆదివారపు బడిలో చదువుకున్నవాడే. తాగుడులో పడి ఆ పని చేశాడు. జైలు శిక్ష పూర్తి చేసుకుని వచ్చి, ఆరాధనకు రానివ్వమని మా పాస్టరు అయ్యగారిని బతిమాలాడు.

తప్పు చేసి తిరిగొచ్చినవాళ్ళు మా మందిరంలో చివరి బెంచీలో కూర్చోవాలి. ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం మళ్ళీ ఇచ్చేదాకా అదే వాళ్ళ చోటు. ఆ మాట చెప్పి అక్కను ఒప్పిద్దామని అయ్యగారూ, ఒక సంఘపెద్దా, స్త్రీల సమాజం తరఫున నేనూ ఆమె ఇంటికి వెళ్ళాం. క్షమాపణ గురించిన వాక్యాలు ముందే వెతికి పెట్టుకున్నాం. ఆమెకేం కావాలో అడగాలని మాత్రం ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

"వాడు లాస్ట్ బెంచీలోనే ఉంటాడక్కా. నీ కంటికి కనపడనే కనపడడు," అన్నాడు పెద్ద.

"అదే గదా భయ్యా నా భయం! ఆవేళ కూడా కనపడకుండానే వచ్చాడు. ఎనకాల వాడుంటే నేను పాటేటి పాడతాను?"

"మరేటి చెయ్యమంటావు? తెచ్చి మా పెద్దల వరసలో కూచోబెట్టీమంటావా?"

"కూచోబెట్టండి. పంఖా కూడా అక్కడే ఉంది, హవా తింటాడు." మాకు నవ్వొచ్చింది, ఆమెకు రాలేదు. "క్షమించానని ప్రభువుకి చెప్పీసుకున్నానయ్యగారూ. నా మెడకే ఇంకా తెలీలేదు. నా ముందర కూచుంటే వస్తాను. లేదంటే ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటాను."

పెద్దల కూటంలో గొడవైంది. సంఘ క్రమశిక్షణలో ఉన్నవాణ్ణి ముందు కూర్చోబెడితే పిల్లలేం నేర్చుకుంటారని అడిగారు. ఆ చివరి బెంచీ నియమం గ్రంథంలో లేదు, మనం పెట్టుకున్నదే అన్నారు అయ్యగారు. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరుని దగ్గరికి వెళ్ళి సమాధానపడమన్న ప్రభువు మాట గుర్తుచేశారు. పెద్దలు ఒప్పుకున్నారు.

ఒప్పుకోనిది ఆ యువకుడే. "నాకు లాస్టే ఇవ్వండి అయ్యగారూ. అందరి ముందు నా వల్ల కాదు, నిజం, సచ్ మే."

"ఆమె నిన్ను అడిగింది అదొక్కటే," అన్నారు అయ్యగారు.

ఆదివారం అతను ముందు వరుస చివర కూర్చున్నాడు. పక్కన ఇద్దరు పట్టేంత ఖాళీ వదిలారు పెద్దలు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. తల ఎత్తలేదు. అక్క ఆలస్యంగా వచ్చి నా పక్కన కూర్చుంది. మొదటి పాటకు నోరు తెరవలేదు. ప్రసంగం మధ్యలో అలవాటుగా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తర్వాత చాలాసేపు అతని వీపునే చూసింది. చివరి పాటలో రెండో చరణం నుంచి ఆమె గొంతు నాకు వినిపించింది.

ఆ తర్వాత ఆమె కొన్ని ఆదివారాలు వస్తోంది, కొన్ని రాలేకపోతోంది. ఆమె రాని రోజున కూడా అతను ముందే కూర్చుంటున్నాడు. ప్రభు బల్ల దగ్గర ఇద్దరూ ఇంకా కలవలేదు. మేము తొందరపెట్టడం లేదు.

ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని మాతో ప్రార్థించండి. ఆ ఎత్తు రోడ్డు మీద అక్క భయం లేకుండా నడవాలని, అతను తల ఎత్తి పాడాలని, అంతదాకా కాచుకునే ఓపిక మా సంఘానికి ఉండాలని అడగండి. ఆమేన్.