లేజర్ మామయ్య

మా మామయ్య కొలవని వస్తువు లేదు, కొలిచాక నోరు మూసుకున్న రోజూ లేదు. ఆయన బతుకుతెరువు లేజర్ రాడార్. అర కిలోమీటరు దూరాన ఉన్న వంతెన మీదికో, పొగగొట్టం మీదికో దాంతో కాంతి విసురుతాడు. ఆ వస్తువు వెంట్రుకవాసి వణికినా, తిరిగొచ్చిన కాంతి ఆ గుట్టు చెప్పేస్తుంది. తెర మీద గీత గెంతుతుంది. ఇక మామయ్య నోటికి తాళం ఉండదు.

ఒకసారి ఎదురింటావిడని ఆపి, "మీ వాషింగ్ మెషీన్‌కి ఒక కాలు పొట్టిదండీ," అన్నాడు.

"మా ఇంట్లోకి ఎప్పుడొచ్చారు?"

"రాలేదండీ. మా మేడ మీంచి మీ గోడని చూశాను."

ఆవిడ ఆ రోజే కిటికీలకి తెరలు కట్టించింది. గోడకి తెరలు ఎవరు కుడతారు, పాపం!

అత్తయ్య గురకకి తలుపు వణుకుతోందని భోజనాల దగ్గర చుట్టాలందరి ముందూ చెప్పాడు.

"సెకనుకి ఎన్నిసార్లో కూడా చెప్పండి, ఉన్న కాస్త పరువూ పోతుంది," అంది అత్తయ్య. నిజంగానే చెప్పాడు.

మా బావ క్రేన్ డ్రైవర్. ఒకరోజు దిగొచ్చి, క్రేన్ వణుకుతోందన్నాడు. సైట్ మేనేజర్ పకపకా నవ్వాడు.

"క్రేన్ కాదయ్యా, నువ్వు వణుకుతున్నావు. రేపు ఎక్కకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా."

కూలీలందరూ నవ్వారట. అక్క ముఖం చూడలేక నేను వెళ్ళి మామయ్యకి చెప్పాను.

మర్నాడు ఉద్యోగం కోసం బావ ఎక్కాడు. రోడ్డుకి ఇవతల మామయ్యా నేనూ లేజర్ నిలబెట్టాం. ఆయన క్రేన్ కాళ్ళ నుంచి పైన డ్రైవర్ గది ముందున్న కమ్మీ దాకా ఒక్కొక్కటే చూశాడు. మూడో నిమిషంలో, "దించండి వాణ్ణి!" అని కేకేశాడు.

చూస్తే అడుగున రెండు బోల్టులు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. మామయ్య మేనేజర్ ముక్కు దగ్గర కాగితం పెట్టాడు.

"సెకనుకి రెండుసార్లు, నాలుగు మిల్లీమీటర్లు. ఇది మనిషి వణుకా అండీ?"

మేనేజర్ వంగి బోల్టులు తిప్పి చూశాడు. నేను మాత్రం చేతిలో పట్టుకొచ్చిన తెర మీద ఇంకో గీత చూశాను.

"మామయ్యా, కమ్మీ మీద సెకనుకి తొమ్మిదిసార్లు! బావ పట్టుకున్నప్పుడే. అంటే చెయ్యి..."

మామయ్య గబుక్కున నా నోరు మూశాడు.

"భయపడుతూనే ఎక్కాడు. అది వాడి సొంత సంగతి. చెరిపెయ్."

అంతలో బావ వచ్చి, తల వంచుకుని అడిగాడు. "మామయ్యగారూ, కమ్మీ కూడా చూశారా? అక్కడేమైనా కనబడిందా?"

కూలీలందరూ చెవులు రిక్కించారు.

"చూడకేం!" అన్నాడు మామయ్య అందరికీ వినబడేలా. "అల్లుడూ! నీ చెయ్యి రాయిలా ఉంది."

ఆయన నోట నేను విన్న ఒకే ఒక్క తప్పుడు కొలత అది. ఈయన మా మామయ్య అని ఆ పూట కనబడ్డ వాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాను.