గుడ్డ చుట్టూ ఈదమ్మ

నిజాం ఏలుబడి నాటి మాట. ఇబ్రహీంపట్నంలో కుమ్మరి నారయ్య చేసే ఐరేని కుండలు, అంటే పెళ్ళికుండలు, ఆయన భార్య ఈదమ్మ చెయ్యి పడితే గాని పందిట్లోకి వెళ్ళేవి కావు. కుండను ఒళ్ళో పెట్టుకుని, సున్నమూ ఎర్రమట్టి జాజూ ముందుంచుకుని, ఈతపుల్ల కుంచెతో ఏనుగులూ చిలకలూ వేసేది. ఆమె చెయ్యి కదిలేది కాదు, కుండే తిరిగేది. రామా అని గీత మొదలుపెడితే, కుండ ఒక చుట్టు తిరిగేసరికి ఆ గీత వచ్చి మొదట్లో కలిసేది.

ఆమెకు ఒకటే ఆశ. సీతారాముల పెళ్ళి ఊరేగింపంతా ఒక్కచోట వేయాలి. కుండ మీద పల్లకి పడితే బోయీలకు చోటుండదు, బోయీలు పడితే బాజాలవాళ్ళకు ఉండదు.

ఆ యేడు శ్రీరామనవమికి భజన మందిరంలో దేవుడి వెనక గోడకు బొమ్మల గుడ్డ కట్టాలనుకున్నారు. మందిరం చూసుకునే మల్లేశయ్య పటేలు దగ్గరికి ఈదమ్మ తానే వెళ్ళి ఆ బొమ్మలు వేసే పని అడిగింది.

"కుండలు గీసే చేతికి గంత గుడ్డ యాడ ఆగుతది?" అన్నాడాయన.

"ఆగకుంటే మళ్ల అడగ, పటేలా."

"అన్నమాట యాదికుంచుకో మరి."

సాలెవాళ్ళు నేసిన పంచలు కలిపి కుట్టి పంపారు. నారయ్య కుండలు చేసే సారె పక్కన పెట్టి, గుడ్డకు చింతగింజల గంజి పట్టించి, ఆరాక వాకిట్లో పరిచాడు. ఈదమ్మ అంచున కూర్చుని గీత మొదలుపెట్టింది. జానెడు పోయి ఆగిపోయింది. గుడ్డ తిరగదు కదా. తర్వాత లేచి, గుడ్డ తిరగకపోతే నేనే తిరుగుతాననుకుంది.

గుడి చుట్టూ తిరిగినట్టు గుడ్డ చుట్టూ తిరుగుతూ గీసింది. పాదాలు అంచువైపు, తలలు నడిమికి, కుండ మీద తలలు మూతి వైపు ఉన్నట్టే. నడుమ తామరపువ్వుకు చెయ్యి అందకపోతే నారయ్య ఇటుకల మీద నిచ్చెన అడ్డం వేశాడు.

"పడ్తవే, పైలం," అంటూ ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాడు.

నవమి ముందునాడు గుడ్డను గోడకు కట్టారు. బొమ్మల్లో కింది వరస వాళ్ళు నిలబడ్డారు. పక్క వరసల వాళ్ళు పడుకున్నారు. పై వరసలో బోయీలూ, పల్లకీ, లోపల పెళ్ళికూతురూ తలకిందులయ్యారు.

"బోయీలు కల్లు జర ఎక్కువ తాగినట్టున్నరు," అన్నారెవరో. నవ్వులు లేచాయి.

మల్లేశయ్య నవ్వలేదు. "ఏందమ్మా గిట్లయింది?" అన్నాడు.

"నేను చుట్టు తిరిగి చూసిన, పటేలా. గోడ తిరగదని యాదికి రాలె."

గుడ్డ తనే విప్పుకుని, మడిచి చంకన పెట్టుకుని బయటికొచ్చింది. అన్నమాట గుర్తుంది. ఇక అడగకూడదు.

బయట పందిరి గుంజలు పాతారు గాని కొమ్మలింకా రాలేదు. నడుం వంగిన ముసలి మారెమ్మ ఎండలోనే కూర్చుని దేవుడికి పూలు గుచ్చుతోంది. ఈదమ్మ ఆగింది. కళ్ళు తుడుచుకుని, మడత విప్పి నారయ్యకు ఒక అంచు అందించింది. ఎండకు రంగు వెలవెలబోతుందని బొమ్మల వైపు కిందికి పెట్టి, నాలుగు మూలలూ గుంజలకు కట్టారు.

"సల్లగుండు బిడ్డా," అని మారెమ్మ నడుం వాల్చింది. వంగిన నడుముతో ఆమె పైకి చూసి ఎన్నేళ్ళయిందో. కాసేపటికి పిలిచింది.

"ఓ మల్లేశా, జర ఇటురా. పెండ్లోళ్ళు నడుస్తున్నరు."

పటేలు వచ్చి ఒక పక్కన నిలబడి తలెత్తాడు. ఎదుటి వరసలో బోయీలు పల్లకీ మోస్తూ నిటారుగా ఉన్నారు. పక్కకు జరిగాడు. అటు బాజాలవాళ్ళు లేచి నిలబడ్డారు. ఇంకా జరిగాడు. ఏనుగులొచ్చాయి. అట్లా చుట్టూ తిరిగి మొదటికే వచ్చి ఆగాడు.

"విప్పకుండ్రి," అన్నాడు. "రేపు పెండ్లి దీని కిందనే."

ఈదమ్మ గుంజ పట్టుకుని నిలబడి ఉంది. మెల్లగా అడిగింది.

"మళ్ల అడగొచ్చునా, పటేలా?"

"అడగకుంటె గోడ ఉత్తగనే ఉంటది గద," అన్నాడాయన, ఇంకా పైకే చూస్తూ. "ఈసారి జర ఒక్క తాన నిలవడి గీయి."

మారెమ్మ కిందినుంచి నవ్వింది. గుచ్చుతున్న దండ ఆమె గుండెల మీదే ఉండిపోయింది.