ఓబులయ్య కూర్చున్న పూట

మొన్న మా ఆఫీసులో ఏసీ ఆగిపోయింది. ఏళ్ల తరబడి చెవిలో మోగుతున్న ఆ హోరు ఒక్కసారిగా తెగిపోయేసరికి గదిలో వేడెక్కిన దుమ్ము వాసన తప్ప ఏమీ మిగల్లేదు. కువైట్‌లో, షువైఖ్ పేటలోని మా పాత గ్యారేజీ వాసన అదే. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను. రెండు నిమిషాలైనా కాలేదు, మా మేనేజరు కుర్రాడు వచ్చి, "సార్, ఖాళీగా ఉన్నారా? ఈ ఫైలు చూసేద్దామా?" అన్నాడు. ఖాళీగా ఉండడమంటే ఇంకో పనికి దొరికిపోవడమని ఈ ఊళ్లో అందరూ తీర్మానించుకున్నట్టున్నారు. లిఫ్టులో ఫోను, భోజనం దగ్గర ఫోను, ఆసుపత్రి వరుసలో ఫోను. ఒళ్లు మండిపోతోంది. విచిత్రమేమిటంటే, ఒకప్పుడు నాకు ఇంతకంటే ఎక్కువ మంట పుట్టించినవాడు, ఊరికే కూర్చునే ఓబులయ్య.

ఆయన కడప వైపు మనిషి, గ్యారేజీలో పెద్ద మెకానిక్కు. నేను హాజరు రాసే గుమాస్తాని. ఏ బండి వచ్చినా ఆయన వెంటనే పానా పట్టేవాడు కాదు. దాని ముందు ఖాళీ డబ్బా ఒకటి బోర్లించుకుని అరగంట కూర్చునేవాడు. టీ తాగడు, మాట్లాడడు. నాకు కూర్చోవడం మీద పాత పగ ఉంది. కోనసీమలో మా తాతగారి కొబ్బరితోటలు చుట్టి రావడానికి ఒక పూట పట్టేదట. మా నాన్నగారు పడక్కుర్చీలోంచి లేవకుండానే వాటన్నిటినీ పోగొట్టారు. అందుకే కువైట్‌లో నేను నిలబడి పనిచేశాను. హాజరు పుస్తకం కూడా నిలబడే రాసేవాణ్ణి.

"ఏవండీ ఓబులయ్యగారూ, కూర్చోడానికేనాండీ మీకు జీతం?" అని ఒకసారి అడిగేశాను.

"దానికే ఇస్తాండారు దొరా. విప్పేదానికైతే ఎవుడైనా విప్పుతాడు," అన్నాడు. "నువ్వూ రా, ఇంకో డబ్బా ఉంది. నడుమేం ఇరిగిపోదులే."

నేను వెళ్లలేదు. మా వంశంలో ఎవరూ డబ్బా మీద కూర్చోలేదు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మా కఫీల్, అంటే మమ్మల్ని పనిలో పెట్టుకున్న కువైటీ యజమాని, పాస్‌పోర్టులు మా చేతుల్లో పెట్టి, కుటుంబంతో సరిహద్దు దాటిపోయాడు. కొన్నాళ్లకు, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరుకోవచ్చని కబురు తెలిసింది. గ్యారేజీలో బాగుచేసి పెట్టిన పాత బస్సొకటి ఉంది. అహ్మదిలో పనిచేసే మనవాళ్లు కూడా వచ్చి కలిశారు. ఎవరెవరు ఎక్కాలో జాబితా నేనే రాశాను. ముప్పై నాలుగు పేర్లు, ఒక్క కొట్టివేత లేదు. నీళ్లెన్ని, రొట్టెలెన్ని, ఎవరి సామాను ఎక్కడ అంటూ రెండు రోజులు కాలు నిలవకుండా తిరిగాను. అంత ఆపదలోనూ నాకు గర్వంగా ఉంది. తాతగారి మనవణ్ణి అనిపించుకున్నానని మురిసిపోయాను.

బయలుదేరే పొద్దున అందరూ ఎక్కేశారు. కిటికీల్లోంచి "యల్లా, యల్లా, కానీయండి" అని కేకలు. బస్సు నడపాల్సిన ఓబులయ్య మాత్రం దాని ముందు డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు.

"బండిలో లోపమేవైనా ఉందాండీ?"

"బండి బాగుంది."

"మరింకేటండీ?"

"ఏందో మరిచిపోయినట్టుండాది. కూచ్చుంటే తెలుచ్చాది."

"అన్నీ జాబితాలో ఉన్నాయండీ!"

"నీ జాబితాలో నువ్వు రాసిందే గదా ఉండేది?"

ఇక ఆపుకోలేకపోయాను. "ఇలాగే కూర్చుని మా నాన్నగారు కొంప ముంచారండీ! ఇప్పుడు మీరు ఇంతమందినీ ముంచేత్తారు!" అని అరిచాను. అప్పటిదాకా ఆ సంగతి అక్కడెవరికీ చెప్పలేదు. బస్సు లోపలినుంచి ఎవరో, "ఖలాస్, ఈయన్నొదిలేసి పోదాం పదండి," అన్నారు. ఆయన కదల్లేదు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. ఇరవై నిమిషాలకు తలెత్తి, నాకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"దొరా, రిగ్గైలో చెన్నమ్మ?"

చెన్నమ్మ రాయచోటి వైపు నుంచి వచ్చి రిగ్గైలో ఒక ఇంట్లో పనిచేసేది; ఆ ఇంటి యజమానురాలిని 'మామా' అనేది. శుక్రవారాలు గ్యారేజీకి వచ్చి, పిల్లలకు నాచేత ఉత్తరాలు రాయించుకునేది. 'మామా వాళ్లు ఎండలకు వేరే దేశం పోతాండారు, నన్ను లోపల పెట్టి గేటుకు తాళమేసి చెవి డ్రైవరుకిస్తారంట' అని చివరి ఉత్తరంలో చెప్పింది. పక్కనుండి ఓబులయ్య విన్నాడు. నేను స్వయంగా నా చేత్తో రాశాను. డ్రైవరు ఈపాటికి పారిపోయి ఉంటాడని తట్టడానికి నా రెండు రోజుల హడావిడిలో ఒక్క నిమిషం చోటు లేదు.

బస్సు రిగ్గై మీదుగా పోయింది. ఇనుప రంపంతో తాళం కోయడానికి ఓబులయ్యకు ఎంతోసేపు పట్టలేదు. చెన్నమ్మ గోడ పట్టుకుని నడిచొచ్చింది. బియ్యం నిండుకుని రెండు రోజులైందట. ఆయన్ని దాటుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. "జాబు రాసే సామి నన్ను మరిచిపోడని తెలుసు నాకు," అంటూ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. ఓబులయ్య రంపం తుడుచుకుంటూ, "ఎక్కు తల్లీ, ఎండ ముదురుతాంది," అన్నాడు. అంతే. ఎడారి దారిలో ఆమె రోజూ మొదటి గుక్క నీళ్లు నాకే ఇచ్చింది. నేను తాగాను. ఎదుట స్టీరింగు దగ్గర ఆయన వీపు కనిపిస్తూనే ఉంది.

ఓబులయ్య పోయి చాలా కాలమైంది. చెన్నమ్మ మనవరాలి పెళ్లి శుభలేఖ మూడు వారాల కిందట వచ్చింది. కవరు మీద నా పేరు ముందు 'ప్రాణదాత' అని రాయించింది. జవాబు రాయాలి. తీరిక దొరకడం లేదని రోజూ నాకు నేను చెప్పుకుంటున్నాను. అబద్ధం. కాసేపు ఊరికే కూర్చుంటే ఏం రాయాలో తెలిసిపోతుంది.