కాటారం బస్టాండు నుంచి వెనక్కి

అసిస్టెంట్ కోచ్ అంటే ఏం చేసే మనిషో ఆ రోజుల్లో నాకూ తెలియదు, నన్ను పనిలో పెట్టుకున్నవాళ్ళకూ తెలియదు. ఇప్పుడు అన్నీ ముందే ఆలోచించి మరీ మనుషుల్ని తీసుకుంటున్నారు. మొన్న జనగామలో మా ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు ఒక అసిస్టెంటును ఎంచుకోవాలని నలుగురం కూర్చున్నాం. ఒకాయన ఆట బాగా తెలిసుండాలన్నాడు, ఒకాయన ఓపిక ఉండాలన్నాడు, జీవితంలో బంతి ముట్టని మూడో ఆయన క్రమశిక్షణ ముఖ్యమని బల్ల గుద్దాడు. నా వంతు వచ్చేసరికి "మొహం మారకుండా అబద్ధం చెప్పగలగాలి" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. (నేనేమీ నవ్వులాటకు అనలేదు. ఆ ఒక్క గుణంతోనే నేను ఇన్నేళ్ళుగా అన్నం తింటున్నాను.)

వ్యాయామ విద్య చదువు అయిపోయి తరిగొప్పులలో మా ఇంట్లో ఊరికే కూర్చున్న రోజులవి. కాటారంలో ఆడపిల్లల జట్టును తయారు చేస్తున్న ఒక సారుకు సాయంగా మనిషి కావాలని తెలిసి బట్టలు సర్దుకుంటుంటే, మా నాయిన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "బంతి తన్నుడు నేర్పితె జీతమిస్తరా? సరే, పో బిడ్డా, గీ ఒక్క ఏడు చూస్త. నడుమల ఇంటికొచ్చినవనుకో, జనగామల మీ మేనమామ బట్టల దుకాణంల కూసునుడే, ఇగ మాట లేదు" అన్నాడు. మేనమామ మంచివాడే. కానీ ఆ దుకాణంలో చీరలు మడతపెట్టీ పెట్టీ మా అక్క ఎలా అయిపోయిందో నేను కళ్ళారా చూశాను. ఇంట్లో తడి తువ్వాలును కూడా అంచు కనిపించేలా మడతపెట్టి "ఇంకోటి చూపియ్యాల్నా?" అన్నట్టు మా వైపు చూసేది. నాకు మాత్రం మైదానం కావాలి. అందుకే ఏం చేసైనా అక్కడ నిలదొక్కుకోవాలని ఒట్టు పెట్టుకున్నాను.

కొత్త విజిల్ మెడలో వేసుకుని, షూ తెల్లగా రుద్దుకుని కాటారంలో దిగాను. సారు నన్ను పైనుంచి కిందికి చూసి, "గా విజిల్ తీసి జేబుల పెట్టుకో. ఒక్క గ్రౌండ్ల రెండు విజిళ్ళు మోగొద్దు" అన్నారు. అంతటితో నా శిక్షణ అయిపోయింది. బంతుల్లో గాలి కొట్టడం, లేసులు కట్టడం, ఎండలో నీళ్ళ క్యాను మోయడం నా పనులు. అసలు పని ఏమిటో వారం తిరిగేలోపు తెలిసొచ్చింది. మా సారుకు కోపం ముక్కు మీదే ఉండేది. పాస్ తప్పినా, జడ ఊడినా, ఆకాశంలో హెలికాప్టర్ పోతుంటే పిల్లలు తల ఎత్తినా "పో! బ్యాగు తీస్కొని ఇంటికి పో! ఇగ నా మొకం చూడకు!" అనేవారు. పిల్లలు ఆయనకు 'రెడ్ కార్డ్ సారు' అని పేరు పెట్టారు. వాళ్ళకూ పౌరుషం తక్కువేం కాదు, ఆ పిల్ల నిజంగానే బ్యాగు తగిలించుకుని బస్టాండు వైపు నడిచేది. కాసేపయ్యాక సారు గేటు వైపు ఓరగా చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, "గా పిల్ల బస్సెక్కిందా?" అనేవారు. అంటే, పోయి తీసుకురమ్మని.

మొదటిసారి పరుగెత్తి వెళ్ళి "సారు రమ్మంటుండే" అన్నాను. ఆ పిల్ల బల్ల మీద నుంచి కదలకుండా, "ఇంకేమన్నడు మేడం?" అని అడిగింది. ఏమన్నారని చెప్పను? బస్సెక్కిందా అన్నారని చెప్తే ఎక్కేసేదే. "తొందరపడ్డ అన్నడే. మస్తు బాధపడుతుండు" అన్నాను. టక్కున లేచి వచ్చింది. ఇక్కడ సారు "ఏమంటది?" అన్నారు. "తప్పైందని ఏడుస్తుంది సార్" అన్నాను. (ఆ పిల్ల దారిపొడుగునా పల్లీలు తింటూ వచ్చింది.) సారు గొంతు సవరించుకుని, "సరే, ఎనుక నిలబడుమను" అన్నారు. ఇద్దరికీ పరువు దక్కింది, ఆట సాగింది. ఆ తర్వాత నాకిక ఎదురు లేకుండా పోయింది. వాళ్ళ మాట వీళ్ళకు, వీళ్ళ మాట వాళ్ళకు నేనే పుట్టించి మోసేదాన్ని. ఒకరినొకరు అడిగి చూసుకునే అలవాటు మనవాళ్ళకు లేదు కాబట్టి బతికిపోయాను.

మహబూబాబాద్‌లో పోటీకి వెళ్ళే ముందు రోజు మా గోల్‌కీపరుకు వేటు పడింది. ఆ పిల్లను మేము 'గోడ' అని పిలిచేవాళ్ళం. కాళ్ళ సందులోంచి బంతి పోతే కిసుక్కున నవ్వింది, అదీ నేరం. ఈసారి బస్టాండులో ఆగకుండా అడవి అంచున ఉన్న వాళ్ళ ఊరికే వెళ్ళిపోయింది. ఆటో పట్టుకుని వెళ్తే వాళ్ళమ్మ బియ్యం చెరుగుతూ ఉంది, చాట ఆపకుండానే అందుకుంది. "అందరి ముంగట నా బిడ్డను గట్ల తిడ్తడా? అయ్యకన్న ఎక్కువనా మీ సారు? తోలియ్య, పో!" గోడ లేకుండా మహబూబాబాద్ వెళ్ళడమంటే తలుపు తీసి పెట్టి దొంగను పిలవడమే. మామూలు అబద్ధం సరిపోదని నాకు అర్థమైంది. "అమ్మా, సారు నిన్నటి సంది అన్నం ముట్టలేదు. నా బిడ్డసోంటి పిల్లను తిడితినే అని కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు" అన్నాను. చాట ఆగింది. "అయ్యో పాపం! ముసలి పానం!" అంది ఆమె. (తిట్టింది ఆ రోజు పొద్దున్నే. నిన్నటి నుంచి పస్తులెలా ఉన్నాడని ఆ తల్లి అడగలేదు, చెప్తున్న నాకూ తట్టలేదు.)

తెల్లవారి వ్యాన్ సిద్ధంగా ఉంది. గోడ వచ్చింది, వెనకాలే వాళ్ళమ్మ వచ్చింది, చేతిలో వేడి వేడి సర్వపిండి గిన్నె. నేరుగా సారు దగ్గరికి వెళ్ళి, జట్టంతా చూస్తుండగా, "తినుండ్రి సారూ. పిల్లలన్నంక నవ్వుతరు. గంత పెద్దమనిషివి నువ్వు ఏడ్వొచ్చునా? అన్నం మానుకుంటె ఎట్ల?" అంది. సారు అప్పుడే రెండు ప్లేట్ల పూరీ తిని చెయ్యి తుడుచుకుంటున్నారు. "నేను ఏడ్చిన్నా?" అన్నారు. ఆమె ఎంతో ప్రేమగా నా వైపు చూపించింది. పిల్లలు నవ్వు ఆపుకోలేక వ్యాన్ వెనక్కి పరుగెత్తారు. సారు ముఖం ఎర్రగా కందిపోయింది. "నువ్వు గూడ పో. బ్యాగు తీస్కొని ఇంటికి పో" అన్నారు, ఎప్పటిలా అరవకుండా. ఆ నెమ్మదికే నాకు బుగులు పుట్టింది.

బస్టాండులో కూర్చున్నాను. ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నాను, కానీ పోయినవాళ్ళను తీసుకొచ్చే మనిషిని నేనే కదా! భూపాలపల్లి బస్సు వచ్చేసింది. అక్కడి నుంచి హనుమకొండ, అక్కడి నుంచి జనగామ, మేనమామ, చీరలు. ఏడుపు తన్నుకొచ్చింది. మైదానంలో ఉండాలన్న ఆశ ఒక్క గిన్నె సర్వపిండితో పోయిందే అని వెక్కి వెక్కి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని మెట్టు మీద కాలు పెట్టాను. "ఎక్కుతవా, లేదా అమ్మా?" అని కండక్టర్ కసురుకుంటుండగా, గ్లోవ్స్ చేత పట్టుకునే గోడ పరుగెత్తుకొచ్చింది. "మేడం! సారు రమ్మంటుండు!"

"ఇంకేమన్నడే?" అన్నాను. అలా అడుగుతానని నేనే అనుకోలేదు.

గోడ ఒక్క క్షణం తన బూట్ల వైపు చూసుకుంది. "తొందరపడ్డ అన్నడు మేడం. మస్తు బాధపడుతుండు."

నా మాటలు, నా రాగమే! బస్సు దిగి ఏమీ అడగకుండా దాని వెంట నడిచాను. వ్యాన్ దగ్గర సారు నా వైపు చూడకుండా, "తప్పైందని ఏడ్చినవంట. సరే ఎక్కు, బంతులల్ల గాలి చూడు" అన్నారు. గోడ అమాయకంగా కరెంటు తీగల మీది పిట్టల్ని చూస్తోంది. "అవును సార్" అని ఎక్కాను. మహబూబాబాద్‌లో ఓడిపోయాం కానీ, గోడ ఒక పెనాల్టీని ఆపింది. మా నాయిన ఆ ఏడాది తర్వాత దుకాణం మాట ఎత్తలేదు.

ఇప్పుడు విజిల్ నా మెడలో ఉంది, ముక్కు మీద కోపమూ వచ్చి చేరింది. ఈమధ్య భూపాలపల్లిలో ఉంటున్న సారును చూడటానికి వెళ్ళాను. చెవి కాస్త మందగించింది, కోపం మాత్రం అలాగే ఉంది. టీ తాగుతూ, ధైర్యం చేసి, "సార్, ఆ పొద్దు మీరు నిజంగ తొందరపడ్డ అన్నరా?" అని అడిగాను. ఆయన కప్పు కింద పెట్టారు.

"నువ్వు నిజంగ ఏడ్చినవా?"

"ఏడ్చిన సార్."

"అట్లయితె నేను గూడ అన్న" అని, కప్పు ఎత్తి మిగిలిన టీ తాగేశారు.

ఇన్నేళ్ళుగా ఇంతమందికి ఇన్ని అబద్ధాలు చెప్పి నమ్మించినదాన్ని, మొహం చూసి నిజమేదో కనిపెట్టడం నాకు రాదా? అయినా ఆ టీ దగ్గర ఆయన మొహం వైపు చూడలేదు. నమ్మేశాను.