మేనకోడలి ఇంట్లో గోల

మా చిన్న మావయ్య గురించి బంధువుల్లో ఒక మాట నిలిచిపోయింది. భర్త పోయిన మేనకోడలి ఇంట్లో కూర్చుని తిన్నంత కాలం తిని, ఆమెను ఒంటరిగా వదిలేసి తన దారి తాను చూసుకున్నాడని. ఆ మాట నా ముందే చాలాసార్లు అన్నారు. నేను కాదనలేదు. ఆయన వెళ్లిపోవడానికి కారణం ఒక ఇంగ్లీషు నాటకం మీద నేను చెప్పిన పాఠం.

ఎనభైల మధ్యలో తెనాలిలో ఒక ట్యుటోరియల్లో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. స్టేషను దగ్గర గది, మెస్సులో భోజనం, ఆదివారం రైలెక్కి రేపల్లెలో అక్క ఇంటికి. బావ పోయాక అక్క మాట్లాడటం బాగా తగ్గించేసింది. అంత్యక్రియలకు వచ్చిన మావయ్య, మా అమ్మ తమ్ముడు, అక్కడే ఉండిపోయాడు. ఆయనకు పెళ్లి లేదు, స్థిరమైన పని లేదు. తాగేవాడు. ఒక మెట్టు పలకని హార్మోనియం ముందేసుకుని, క్రైస్తవ కీర్తనల్ని నాటకాల పద్యాల్లా రాగాలు తీసి పాడేవాడు. చర్చి నుంచి వచ్చేవాళ్లు వీధిలో ఆగి మొహాలు చిట్లించేవాళ్లు.

"మర్యాదగల ఇల్లు మావయ్యా ఇది. కాస్త నెమ్మదిగా పాడు," అన్నాను ఒకసారి, భోజనాల దగ్గర.

"నెమ్మదిగా పాడితే దేవుడికేం వినపడుద్దిరా? ఎక్కడో పైనున్నాడాయన!" అని అక్క వైపు తిరిగాడు. "అమ్మాయ్, నీ తమ్ముడికి ఇంకో గరిటె పప్పెయ్యి. నోట్లో ముద్దుంటే గానీ ఊరుకునేట్టు లేడు."

అక్క నవ్వింది. నన్ను ఎగతాళి చేశాడన్నదే నాకు కనిపించింది, ఆమె నవ్విందన్నది కాదు.

ఆ ఏడు మా పాఠం ఒక పాత హాస్య నాటకం. గొప్పింటి అమ్మాయి ఇంట్లో ఆమె మావయ్య తిష్ట వేస్తాడు. తాగి పాటలు పాడతాడు, తెలివి తక్కువ స్నేహితుణ్ణి ఆడిస్తాడు, ఇంటి పెత్తనం చూసే పెద్దమనిషి మందలిస్తే ఎదురు తిరుగుతాడు. పరీక్షల్లో ఆ పాత్ర మీద ప్రశ్న తప్పకుండా వచ్చేది. మా దగ్గర పాఠం అంటే నోట్సు చెప్పి రాయించడమే. ఇతడు పరాన్నభుక్కు అని ఇంగ్లీషులో రాయించి, తెలుగులో వివరిస్తూ, "మనవైపూ ఉంటారు. మేనకోడలి కూడు తింటూ, మెట్టు పలకని హార్మోనియం మీద దేవుడి పాటలు ఖూనీ చేస్తూ, ఆమెకు తోడున్నామని చెప్పుకుంటారు," అన్నాను. క్లాసంతా నవ్వింది. గదిలో ఒక్కడే ఉండేవాడికి ఆ నవ్వు బాగుంటుంది. తరవాతి బ్యాచికీ అదే చెప్పాను.

మన పిల్లలు సారు దగ్గినా రాసుకుంటారు. ఒకరి నోట్సు ఒకరు దించుకుంటారు. పరీక్షల ముందు అరుగు మీద తిరుగుతూ వీధంతా వినపడేట్టు బట్టీ పెడతారు. అక్క పక్కింటి అమ్మాయి ప్రైవేటుగా డిగ్రీ కడుతూ, తెనాలి స్నేహితురాలి నోట్సు తెచ్చుకుంది. ఒక పొద్దున గోడ అవతల ఆమె ఆ పేరా చదువుతుంటే, ఇవతల మావయ్య పళ్లు తోముకుంటున్నాడు. హార్మోనియం మాట రాగానే గోడ దగ్గరికి వచ్చాడట.

"ఏంటమ్మాయ్ అది? ఎవరు చెప్పారు?"

"తెనాలి సారండి. చాలా ఇంపార్టెంటంటండి."

ఆ తెనాలి సారెవరో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. చీరాలలో తెలిసినవాళ్లకు మగ్గాల దగ్గర మనిషి కావాలంట అని అక్కతో చెప్పి, హార్మోనియం మోసుకుని వెళ్లిపోయాడు. గోడ దగ్గర జరిగింది, మళ్లీ ఆదివారం నేను అక్క గుమ్మం ఎక్కకముందే ఆ అమ్మాయే చెప్పింది.

లోపలికి వెళ్లేసరికి అక్క రేడియో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం కార్యక్రమాలు ముగిసిపోయి బుస్సుమని చప్పుడు మాత్రం వస్తోంది.

"ఆపెయ్యనా అక్కా?"

"ఉండనీరా. ఏదో ఒకటి వినపడనీ."

ఆ చప్పుడులోనే అన్నాలు తిన్నాం. ఆయన వెళ్లిపోయింది నా పాఠం వల్లేనని అక్కకు చెప్పలేదు.

తొంభైల్లో బాపట్ల కాలేజీలో చేరాక ఆ నాటకం మళ్లీ పాఠంగా వచ్చింది. ఈసారి నెమ్మదిగా చదివాను. అన్న పోయాడని ఆ అమ్మాయి తలుపులు మూసుకున్న ఇల్లది. ఇన్నేళ్లూ దాన్ని కథాసంగ్రహంలో ఒక వాక్యంగా చెప్పి దాటేశాను. ఆ తాగుబోతు మంచివాడని అనను. స్నేహితుణ్ణి దోచుకుంటాడు, అతని వేళాకోళం క్రూరత్వం దాకా పోతుంది. మా మావయ్యా తాగొచ్చి అక్కను ఏడిపించిన రోజులున్నాయి. కానీ దుఃఖంలో ఉన్న ఇంట్లో గొంతెత్తి పాడటం కూడా ఒక పని. నోరు మూయమని వచ్చే పెద్దమనిషికి ఇల్లు మర్యాదగా ఉంటే చాలు, అందులో మనిషి ఎలా ఉన్నా సరే. రేపల్లెలో ఆ వేషం నాది.

ఇదే క్లాసులో చెప్పాను. ముందు బెంచీలో ఒకడు లేచి, "గైడులో ఇలా లేదండి. రాస్తే మార్కులు పోతాయేమో సార్," అన్నాడు.

ఆ ఆదివారం చీరాల వెళ్లాను. మావయ్య మగ్గాల షెడ్డు పక్క గదిలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

"ఏరా తెనాలి సారూ, ఇంకా నన్ను బట్టీ పెట్టిస్తున్నావా?"

తప్పయిపోయిందన్నాను. అక్క దగ్గరికి రమ్మన్నాను. హార్మోనియం ఎక్కడని అడిగాను.

"ఇచ్చేశాన్రా ఎవరికో. దాని ముందు కూర్చుంటే ఆ పిల్ల చదివిందే వినపడేది. పాట లేకుండా వచ్చి అక్కడేం చేస్తాను? ఇంకా తినడమేగా?"

రాలేదు. అటునుంచి అటే రేపల్లె వెళ్లి అక్కకు అంతా చెప్పాను. ఆమె లేచి వెళ్లి రేడియో పెట్టింది.