పావురాల బండ మీది వాననీళ్లు

మా అత్తయ్య పుట్టిల్లు ఎలమంచిలి అవతల, సముద్రం ఒడ్డున. వ్యవసాయం చేసుకునే కుటుంబం. వాళ్ల వేరుశనగ చేను గట్టు మీద నిలబడితే నీళ్లలో ఒక రాతి దీవి కనిపిస్తుంది. ఊళ్లో దాన్ని పావురాల బండ అంటారు. అక్కడ మనుషులెవరూ ఉండరు.

నిరుడు శీతాకాలం అత్తయ్యతో కలిసి ఆమె తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు, ఆ దీవి చూడాలని నాకు ఆశ పుట్టింది. ద్వారకా నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో నేను భూగోళం చెబుతాను. ఊళ్లో ఒక పడవ మాట్లాడుకున్నాను. పొద్దున్నే బయల్దేరబోతుంటే అత్తయ్య కొంగు దోపుకుని వచ్చి పడవలో కూర్చుంది. ఈ వయసులో ఎందుకని తమ్ముడు వారించాడు. ఆమె దిగలేదు.

బండ దగ్గర దిగడానికి ఇసుక లేదు. అల పడవను పైకెత్తినప్పుడే రాతి మీద కాలు వెయ్యాలి. నేను తటపటాయిస్తుండగానే అత్తయ్య దిగి, చెయ్యి చాచి నన్ను లాగింది.

పైన చెట్టన్నది లేదు. ముళ్లపొదలు, రాతి చీలికల నిండా పావురాలు. ఆ రాయి రంగూ, దాని మీది చారలూ ఒడ్డునున్న కొండవే. మధ్యలో నేలను సముద్రం తినేసి ఈ ముక్కను మిగిల్చింది కాబోలు. నేను అబ్బురపడి చూస్తుంటే, అత్తయ్య ఒక గుంట దగ్గర చతికిలబడింది. అందులో వాననీళ్లున్నాయి.

పంట పోయిన ఏడు అత్తయ్య వాళ్ల నాన్న పడవ మీద కూలికెళ్లాడట. తుపానుకు పడవ పగిలిపోతే ఈదుకుంటూ ఈ బండెక్కాడట. సముద్రం తగ్గేదాకా ఈ నీళ్లే తాగి బతికాడట. అప్పటికి ఆయనకు పెళ్లి కాలేదు.

"ఈ గుంటే నేకపోతే నాను పుట్టేదాన్ని కాదమ్మా," అంది.

తడి వేళ్లు కళ్లకు అద్దుకుంది.

గాలి పెరిగిందని పడవాయన కేకేశాడు. ఎక్కేటప్పుడు జారి నా మోకాలు దోక్కుపోయింది. అత్తయ్య మాత్రం చిన్నపిల్లలా హుషారుగా ఎక్కేసింది.

ఇంటికి రాగానే తమ్ముడు కోప్పడబోయి ఆగాడు. "గుంట నిజంగా ఉందేటి, అప్పా?" అని అక్కను అడిగాడు. నాన్న కథలు అల్లేవాడనే ఇన్నాళ్లూ అనుకున్నాడట. ఉందని ఆమె చెప్పింది.

మర్నాడు మేము లేచేసరికి తమ్ముడు పడవెక్కి బండ వైపు వెళ్లిపోయాడు.